రొమ్ము క్యాన్సర్ చికిత్స కాలంలో తిండి, వైద్యపు నిర్ణయాలు: సీమ కుటుంబాల కోసం

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిన రోజున మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న, "ఇంక ఆమెకు ఏమేం పెట్టకూడదు?" అన్నది. ఆదోని దగ్గరి పల్లెలో ఉండే మా చిన్నమ్మకు ఈ జబ్బు బయటపడినప్పుడూ అదే జరిగింది. రిపోర్టు ఇంటికి చేరిన సాయంత్రానికే పప్పు, వంకాయ, గుడ్డు, పెరుగు, చెనిక్కాయలు అన్నీ పథ్యం కింద పక్కకు పోయాయి. రాత్రి ఆమె కంచంలో మిగిలింది చారన్నం ఒక్కటే. ఆ తరువాత పది నెలలు ఆమె వెంట కర్నూలుకు తిరిగినందువల్ల నాకు బాగా తెలిసివచ్చిన విషయం ఒకటుంది. జబ్బును అణచేది చికిత్స. ఆ చికిత్సను తేదీ తప్పకుండా చివరిదాకా తట్టుకునే శక్తినిచ్చేది తిండి. తిండితోనే జబ్బును తగ్గిద్దామని చూసిన ఇళ్లలో రెండూ చెడిపోవడం ఆసుపత్రి వరండాల్లో చాలాసార్లు చూశాను. నేను డాక్టరును కాను కాబట్టి, ఇక్కడ రాసినదాన్ని మీ డాక్టరును సరైన ప్రశ్నలు అడగడానికి, వంటింట్లో అనవసరమైన భయాలు వదులుకోవడానికి వాడుకోండి.

ముందు రిపోర్టును అర్థం చేసుకోవాలి

రొమ్ము క్యాన్సర్ అని అందరూ ఒకే పేరుతో పిలిచినా, అందులో రకాలు చాలా ఉన్నాయి. పక్క ఊరి ఆమెకు రాసిన మాత్ర మీ ఇంట్లో మనిషికి ఎందుకు రాయలేదన్న ప్రశ్నకు జవాబు సూదితో తీసిన ముక్క పరీక్ష రిపోర్టులో ఉంటుంది. ఆ కాగితంలో ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పేర్లు వెతకండి. మొదటి రెండింటిలో ఏది పాజిటివ్ అయినా ఆ గడ్డ ఆడవారి హార్మోన్ల ఆసరాతో పెరుగుతున్నదని అర్థం. అలాంటివారికి హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 విషయంలో 3+ అని ఉంటే పాజిటివ్, 0 లేదా 1+ అని ఉంటే నెగెటివ్. 2+ అని ఉంటే తేల్చి చెప్పడానికి ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. ఆ పేరు విని మా చిన్నాయన, ఇంట్లో చేపలు కూడా మానాలేమోనని రెండు రోజులు దిగులుపడ్డాడు. మూడూ నెగెటివ్ అయితే కీమోయే, అంటే విడతలుగా నరంలోకి ఎక్కించే క్యాన్సర్ మందులే, ప్రధానమైన మందు అవుతుంది. అటువంటివారు, చిన్న వయసులో జబ్బు వచ్చినవారు, దగ్గరి రక్తసంబంధీకుల్లో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నవారు జన్యు పరీక్ష అవసరమా అని అడగాలి.

రిపోర్టు కాగితంతో పాటు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, గాజు స్లైడ్లు ఎక్కడ ఉన్నాయో కనుక్కుని రాసి పెట్టుకోండి. రెండో అభిప్రాయం కోసం బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో, వేలూరుకో వెళితే అక్కడివారు ముందుగా అడిగేది వాటినే. ఇవన్నీ వేయడానికి చిన్నమ్మ జిప్పు ఉన్న ఒక గుడ్డసంచిని కేటాయించింది. స్కానులు, రక్తపరీక్షలు, డిశ్చార్జి కాగితాలు తేదీల వరుసలో అందులోనే ఉండేవి. ఎంత పెద్ద ఫైలు కొన్నా ఆ సంచి చేసిన పని చేయదు, ఎందుకంటే బస్సు సీట్లో ఒళ్లో పెట్టుకోవడానికి అదే వీలు.

చికిత్సలో మీరు నిర్ణయించవలసినవి

గడ్డ చిన్నదై, ఒకచోటే ఉంటే, రొమ్ము మొత్తం తీసేయాలా, గడ్డను మాత్రం చుట్టూ కొంత భాగంతో తీయాలా అన్న ప్రశ్న వస్తుంది. "మొత్తం తీసేస్తే పీడ వదులుతుంది" అని పెద్దవాళ్లు పట్టుబట్టడం సహజం. అయితే అమెరికాలోనూ ఇటలీలోనూ 1970లలో మొదలైన రెండు పరిశోధనల 20 ఏళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. గడ్డను మాత్రమే తీయించుకుని, రేడియేషన్ పెట్టించుకున్న స్త్రీలు, రొమ్ము మొత్తం తీయించుకున్న స్త్రీలతో సమానంగానే బతికారని అవి చూపాయి. షరతు ఒకటే: రొమ్మును నిలుపుకున్నవారు రేడియేషన్‌ను, అంటే మన ఆసుపత్రుల్లో "కరెంటు పెట్టడం" అనేదాన్ని, తప్పించుకోకూడదు. దానికి వెళ్లిరావడం మీ ఇంటి పరిస్థితుల్లో సాధ్యం కాదనుకుంటే మొత్తం తీయించుకోవడమే తెలివైన నిర్ణయం కావచ్చు. గడ్డ పెద్దదైనా, చంకలోని గ్రంథులకు జబ్బు పాకినా, మొత్తం తీసిన తరువాత కూడా రేడియేషన్ అవసరపడవచ్చు. గడ్డ పెద్దదిగా ఉన్నప్పుడు ముందు కీమో ఇచ్చి, గడ్డ కుంచించుకున్నాక ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఉంది. అలా చెప్పినప్పుడు "ఆపరేషన్ చేయకుండా నాన్చుతున్నారు" అని అపార్థం చేసుకుని ఆసుపత్రి మారవద్దు.

రేడియేషన్ గురించి ఒక ప్రశ్న తప్పక అడగండి: ఎన్ని సిట్టింగులు? వెనక 5 వారాల పాటు 25 సిట్టింగులు పెట్టేవారు. ఇప్పుడు చాలామందికి 3 వారాల్లో 15 సిట్టింగులు సరిపోతున్నాయి, కొందరికి వారంలో 5 కూడా పెడుతున్నారు. వారానికి ఐదు రోజులు ఊరి నుంచి తిరగాలంటే ఆ తేడా చిన్నది కాదు. కర్నూలు, కడప, అనంతపురం ఎండల్లో రేడియేషన్ పడితే చర్మం ఇంకా మండుతుంది కాబట్టి వదులైన నూలు జాకెట్టు వేసుకోవాలి. చర్మం మీద గీసిన గుర్తులను రుద్ది కడగకూడదు, ఆ చోట పసుపు, పౌడరు, నూనె ఏదీ డాక్టరును అడగకుండా రాయకూడదు.

హెర్-2 పాజిటివ్ అయినవారికి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ సాధారణంగా 3 వారాలకొకసారి ఏడాది పాటు ఇస్తారు. అది గుండె మీద ప్రభావం చూపగలదు కాబట్టి 3 నెలలకొకసారి ఎకో (గుండె స్కాను) తీయించాలి. ఇది ఖరీదైన మందు. దేశీయ కంపెనీల తయారీ వచ్చాక ధర తగ్గినా, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఎన్ని డోసులకు అనుమతి వస్తుందో మొదలుపెట్టే ముందే తెలుసుకోవాలి.

ఎక్కడ చూపించుకోవాలన్నది కూడా చికిత్స నిర్ణయమే. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైచిలుకు. కడపవారికి తిరుపతి, వేలూరు అలవాటైన దారులు. నా అభిప్రాయం ఇది: అభిప్రాయం కోసం ఒకసారి దూరం వెళ్లండి, వైద్యాన్ని మాత్రం వీలైనంత దగ్గరలో చేయించుకోండి. కీమో ఎక్కించే మందు ఎక్కడైనా దాదాపు అదే. కాని కీమో తరువాత పదో రోజున అర్ధరాత్రి జ్వరం వస్తే 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రి మీకు అక్కరకు రాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం కింద చేరేటప్పుడు, ఆసుపత్రి కౌంటరులో ఉండే వైద్య మిత్రను (ఇప్పటికీ మనవాళ్లు ఆరోగ్యమిత్ర అనే అంటారు) ఈ సంగతులు అడగాలి: ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఇక్కడే పథకం కింద జరుగుతాయా, ఏ పరీక్షలకు మన చేతి డబ్బు పెట్టాలి, అనుమతి వచ్చేందుకు ఎన్ని రోజులు పడుతుంది. 104కు ఫోను చేసినా పథకం వివరాలు చెబుతారు. రైలులో వెళ్లేవారు క్యాన్సర్ రోగికి స్లీపరు, థర్డ్ ఏసీల్లో 100 శాతం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉందని మరవకూడదు. దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

పప్పు తింటే చీము పట్టదు

ఆపరేషన్ తరువాత పప్పు పెడితే పుండు చీము పడుతుందని, గుడ్డు, మాంసం వేడి చేస్తాయని సీమ అంతటా గట్టి నమ్మకం. చీము పట్టించేది సూక్ష్మక్రిములు. పుండు మానడానికి కొత్త కణజాలం కావాలి, దానికి మాంసకృత్తులు కావాలి. అవి ఎక్కువగా దొరికేవి సరిగ్గా ఈ పథ్యంలో నిషేధించిన వస్తువుల్లోనే. చికిత్స కాలంలో శరీర బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలని పోషకాహార నిపుణులు చెబుతారు. 55 కిలోల మనిషికి అది రోజుకు 66 నుంచి 82 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్కను డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవాలి.

ఇంత తిండి ఎక్కడి నుంచి తేవాలని భయపడనక్కరలేదు, మన వంటింటి లెక్కనే చూద్దాం. 100 గ్రాముల రాగిపిండితో కెలికిన సంగటిలో 7 గ్రాములు, రాత్రికి అంతే జొన్నపిండితో చేసిన రొట్టెల్లో 10 గ్రాములు, రెండు పూటలా గిన్నెడు గట్టి పప్పు పోసుకుంటే 14 గ్రాములు, రెండు ఉడికించిన గుడ్లలో 12, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు లేదా వాటితో నూరిన ఊరిబిండిలో 7, ఒక గ్లాసు పాలు, ఒక గ్లాసు పెరుగు కలిపి 12 గ్రాములు వస్తాయి. మొత్తం 62. వారంలో రెండు మూడు రోజులు కోడికూరో, ఉలవలు, అలసందల గుగ్గిళ్లో చేరితే లెక్క నిండుతుంది. డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడి ఏమీ తినలేని వారికి ఉపయోగపడుతుంది కాని, తినగలిగేవారు ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు కొనుక్కోవచ్చు. ఒక జాగ్రత్త: బూజు పట్టిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన చెనిక్కాయలను గింజ గింజా ఏరి పారేయండి, ఆ బూజులో ఉండే విషం కాలేయానికి హాని చేస్తుంది, కీమో సమయంలో కాలేయం మీద ఇప్పటికే భారం ఉంటుంది.

కీమో ఎక్కించిన తరువాతి మూడు నాలుగు రోజులు ఈ లెక్కలేవీ కుదరవు, కుదరాలని పట్టుబట్టకూడదు కూడా. వాంతి మాత్రలను వాంతి వచ్చాక కాకుండా, రాసిచ్చిన వేళకు ముందుగానే వేయాలి. వాటిలో కొన్ని మలబద్ధకం తెస్తాయి కాబట్టి నీళ్లు, మజ్జిగ, అరటిపండు, ఆకుకూర ఎక్కువగా ఇవ్వాలి. పోపు వాసన పడని రోజుల్లో వేడి వంట కంటే చల్లారిన పెరుగన్నం సులువుగా దిగుతుంది. చిన్నమ్మకు ఆ రోజుల్లో నచ్చినది ఉగ్గాణి ఒక్కటే. బొరుగులను నీళ్లలో ముంచి గట్టిగా పిండేసి, ఉల్లిపాయను మెత్తగా వేగనిచ్చి, పచ్చిమిర్చి బదులు కొంచెం అల్లం వేసి, దింపేముందు రెండు చెంచాల పుట్నాలపొడి ఎక్కువగా చల్లేవాళ్లం. నమలడానికి శ్రమ లేదు, పొడితో కొంత మాంసకృత్తులూ అందేవి. పక్కన మిరపకాయ బజ్జీ లేని ఉగ్గాణి కర్నూలు జిల్లాలో ఎవరూ తినరని ఆమె రోజూ ఫిర్యాదు చేసేది. అడ్రియామైసిన్ అనే ఎర్ర మందు ఎక్కించిన మరునాడు మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదని ముందే చెప్పి ఉంచండి.

నోట్లో పుండ్లు లేచినప్పుడు ఎర్రకారం దోసె, ఊరగాయ, గోంగూర పక్కన పెట్టి, జావ, మెత్తటి సంగటి పాలలో కలిపి, పలుచని పప్పు, బాగా మాగిన బొప్పాయి ఇవ్వవచ్చు. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి.

ఒక్కో కీమో తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆసుపత్రిలో "కౌంటు పడిపోయింది" అంటారు. ఆ రోజుల్లో పచ్చి పండ్లన్నీ మానాలన్న పాత నియమం ఇన్ఫెక్షన్లను తగ్గించినట్టు పరిశోధనల్లో తేలలేదు కాని, శుభ్రత మాత్రం తప్పనిసరి. బత్తాయి, అరటి, దానిమ్మ వంటివాటిని కడిగి ఇంట్లో వలిచి పెట్టండి. రాత్రి నానిన సద్ది, సగం ఉడికిన గుడ్డు, బస్టాండు పచ్చడి, కోసి అమ్మే పండ్లు వద్దు. ఇంట్లో థర్మామీటరు ఉండాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపితే మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామని ఆగకుండా, అదే రాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకునేట్లయితే దీన్నే గుర్తుంచుకోండి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి కీమో రోజు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల రెండు మూడు రోజులు చక్కెర ఎగబాకుతుంది, ముందే మందుల మోతాదు అడిగి ఉంచుకోవాలి. చక్కెర వ్యాధి లేనివారికి మాత్రం "చక్కెర క్యాన్సర్‌కు మేత" అన్న మాట పట్టుకుని కాఫీలో బెల్లం కూడా పోయకపోవడం అర్థం లేనిది; ఒంట్లోని ప్రతి కణమూ గ్లూకోజు వాడుతుంది, అన్నం మానినా కాలేయం దాన్ని తయారు చేస్తుంది. సోయా విషయంలోనూ అంతే. మీల్‌మేకర్ కూరలా తిండిగా తింటే హాని ఉన్నట్టు పరిశోధనల్లో కనబడలేదు. సోయా సారంతో చేసిన మాత్రలు మాత్రం వద్దు.

పొట్లాలు, పసర్లు, కషాయాలు

రెండో కీమో అయ్యాక ఎవరో బంధువు మంచి ఉద్దేశంతోనే ఒక పొట్లం తెచ్చి ఇచ్చారు, చిన్నమ్మ మాతో చెప్పకుండా తేనెలో కలిపి వాడింది. మూడో కీమోకు ముందు చేసిన రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు పెరిగి ఉన్నాయి, డోసు రెండు వారాలు వాయిదా పడింది. ఆ పొడి వల్లనే అని రుజువు చేయలేము. డాక్టరు పొడి మాన్పించాక అవి తగ్గాయన్నది మాత్రం నిజం. అప్పటి నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: ఎవరు ఏమిచ్చినా తీసుకుని దండం పెట్టాలి, ఆ పొట్లాన్ని గుడ్డసంచిలో వేసి డాక్టరుకు చూపాలి, అప్పటిదాకా నోట్లో వేయకూడదు. ఇచ్చినవారి మనసూ నొచ్చుకోదు.

లక్ష్మణఫలం ఆకుల కషాయం గురించి ఇప్పుడు ఎక్కువగా వింటున్నాం. గాజుసీసాలో కణాల మీద పనిచేసినదల్లా మనిషి ఒంట్లో పనిచేయదు, పైగా ఆ చెట్టులో నరాలకు హాని చేయగల పదార్థాలున్నాయి. కూరలో పసుపు నిశ్చింతగా వేసుకోవచ్చు; పసుపు సారపు క్యాప్సూళ్లు పెద్ద మోతాదులో వాడితే మందులతో తగాదా పడే అవకాశం ఉంది. ముదిరిన దశలో పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ వంటి మాత్రలు వాడేవారు పంపరపనస తినకూడదు, ఆ పండు మందును ఒంట్లో ఎక్కువసేపు నిలిపి దుష్ఫలితాలు పెంచగలదు. వైద్యాన్ని వదిలి ప్రత్యామ్నాయ మందులనే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ రోగుల్లో మరణ ప్రమాదం ఐదు రెట్లకు పైగా ఉన్నట్టు అమెరికాలో 2018లో ప్రచురించిన ఒక పరిశీలన చూపింది. ప్రాణాయామం, నడక, గుడికి పోవడం, నిద్ర వీటికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పెద్ద చికిత్స ముగిశాక

హార్మోన్ రకం వారికి అసలైన పరీక్ష అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే టమాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజూ 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వేసుకోవాలి. ఒంట్లో నొప్పేమీ లేనప్పుడు మాత్ర మానేయాలనిపిస్తుంది. మా ఇంట్లో ఖాళీ అయిన అట్టలను క్యాలెండరు వెనక గుచ్చి పెట్టేవాళ్లం, లెక్క తప్పితే తెలిసిపోయేది. అది వాడేటప్పుడు గర్భం రాకుండా చూసుకోవాలి, దిగులుకు వాడే కొన్ని మందులు దాని పనితనాన్ని తగ్గిస్తాయి కాబట్టి మరే డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మాత్ర పేరు చెప్పాలి. ముట్టుడిగినవారికి ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఎముకలను పలుచబరుస్తాయి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది కాబట్టి సంగటి ఇక్కడ మళ్లీ ఆదుకుంటుంది. అయినా ఎముక సాంద్రత పరీక్ష, డాక్టరు రాసిన కాల్షియం, డి విటమిన్ మాత్రలు మానకూడదు.

ఈ దశలో తిండి సలహా తలకిందులవుతుంది. కీమో కాలంలో బక్కచిక్కుతుందేమోనని ఓళిగలు, నెయ్యి వడ్డించిన చేతులే ఇప్పుడు ఆగాలి, ఎందుకంటే చాలామంది ఈ జబ్బు తరువాత బరువు పెరుగుతారు, ఆ బరువు మంచిది కాదు. వారానికి 150 నిమిషాల నడక, సగం కంచం కూరలు, నూనెలో వేయించినవి అరుదుగా, కల్లు, సారా వంటివి అసలే లేకుండా ఉంటే చాలు. చంకలో గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు రాకుండా ఫిజియోథెరపీ వారు నేర్పిన కసరత్తులు చేయాలి, ఆ చేతికి సూదులు, గీతలు, కాలిన గాయాలు తగలకుండా చూసుకోవాలి. రొట్టెలు కాల్చేటప్పుడు ఈ మాట ముఖ్యం.

జబ్బు ఎముకలకో కాలేయానికో పాకినవారికి కూడా మాత్రలతో ఏళ్ల తరబడి అదుపులో ఉండే అవకాశం ఉంది. వారి విషయంలో నొప్పిని భరించమనడం మన ఇళ్లలో జరిగే పెద్ద తప్పు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు సరైన మోతాదులో వాడితే మనిషి వాటికి బానిస కాదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక ఆసుపత్రులు వాటిని తెప్పించుకోవడం కూడా సులువైంది.

రెండో రొమ్ముకు, మిగిలిన రొమ్ము భాగానికి ఏడాదికొకసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించాలి, పాత ఫిల్ములు వెంట తీసుకుపోతే పోల్చి చూస్తారు. చిన్నమ్మ గుడ్డసంచి ఇప్పుడు దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతోంది. జిప్పు రెండుసార్లు మార్పించింది, నాలుగో ఏటి మామోగ్రామ్ కవరు పోయిన నెలలోనే అందులో చేరింది.